పదకొండో అంతస్తు రంగు

ఆ ప్రదర్శనశాల గోడలకు ఇరవై ఏళ్ళుగా తెల్లరంగు వేస్తున్నది ఒకే మేస్త్రి. కొత్త ప్రదర్శనకు ముందు వస్తాడు, పాత మేకుల గుంటలు లప్పంతో పూడుస్తాడు, రెండు కోటింగులు వేసి వెళ్ళిపోతాడు. తర్వాత వాటి మీద ఏం తగిలిస్తారో ఒక్కనాడూ చూసిన పాపాన పోలేదు. "నా పని గోడతో. బొమ్మలతో నాకేంటి?" అనేవాడు భార్యతో.

ఒకసారి ఫోటోలు తగిలించాక నిచ్చెన ఒరుసుకుని గోడ మీద గీత పడింది. కబురందుకుని చిన్న డబ్బా, కుంచె పట్టుకుని వెళ్ళాడు. గీత పక్కనే గోడంత ఫోటో. ఒకే ఒక్క అపార్ట్‌మెంటు భవనం, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా. దూరానికి గళ్ళ దుప్పటి ఆరేసినట్టుంది. రంగు అద్దడానికి దగ్గరికి వెళ్తే ప్రతి గడిలోనూ ఓ సంసారం. ఒకావిడ కిటికీలో జుట్టు ఆరబెట్టుకుంటోంది. ఒకాయన బల్లెక్కి బల్బు మారుస్తున్నాడు. మేస్త్రి కుంచె సంగతే మరిచిపోయాడు. వెనక్కి నడిచాడు, మళ్ళీ ముందుకొచ్చాడు.

"ఏం చూస్తున్నారు మేస్త్రీ?" వెనక నుంచి అడిగింది ఆ ఫోటో తీసినావిడ.

"పదకొండో అంతస్తులో ఈ బాల్కనీకి తర్వాత రంగేశారమ్మా. పిసరంత పసుపు ఎక్కువైంది. పాత డబ్బా అయిపోయి కొత్తది కలిపుంటారు."

ఆవిడ ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్ళి చూసింది. "రెండేళ్ళుగా దీంతోనే ఉన్నాను, నా కంటపడలేదు," అని పకపకా నవ్వి, ఆయన్ని పక్క గదిలోకి తీసుకెళ్ళింది.

అక్కడ ఆకాశం నుంచి తీసిన ఉప్పుమళ్ళు. మేస్త్రికి పెచ్చులూడిన గోడలా కనిపించాయి. ఆవిడ ఓ మూల గోరంత మచ్చ చూపించి, "అది లారీ," అంది.

"అది లారీ అయితే, ఈ మడి ఎంతుంటుందమ్మా?" అంటూ నోరెళ్ళబెట్టాడు.

ఆదివారం భార్యను వెంటబెట్టుకొచ్చాడు. మోకాళ్ళ నొప్పులని దారంతా సణిగిన మనిషి, భవనం ఫోటో ముందు కుర్చీ వేయించుకుని కూర్చుంది.

"ఈ మొగుడూ పెళ్ళాలు పొద్దున్నే పోట్లాడుకున్నారండీ. చూడండి, చెరో కిటికీలో నిలబడ్డారు."

"మనలాగే."

"మనకి రెండు కిటికీలెక్కడివి?"

ఇద్దరూ పడీ పడీ నవ్వుతుంటే కాపలాదారు మందలించడానికి వచ్చి, ఎవరా ఇద్దరని తనూ ఫోటోలోకి వంగి చూశాడు. మూసే వేళయినా భార్య లేవలేదు. ఇంకా నాలుగు అంతస్తులు చూడాలంది. మేస్త్రి ఆమె పక్కనే నేల మీద చతికిలబడ్డాడు.