మూడో టీవీకి వేసిన వైరు

ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఈరన్న పందొమ్మిది వందల ఎనభై ఆరులో మగ్గం దిగి, ఊరూరా వీడియోలో సినిమా ఆటలు వేయడం మొదలుపెట్టాడు. ఒక వీసీఆర్, మూడు పాత టీవీలు, భార్య అంజనమ్మ, ఇంతే అతని కంపెనీ. తమాషా ఏమిటంటే, కరెంటు మీద బతికే ఈ మహానుభావుడికి కరెంటంటే చచ్చేంత భయం. స్విచ్చి వేసినప్పుడల్లా కదిరి నరసింహస్వామిని తలుచుకునేవాడు.

ఒక వీసీఆర్ నుంచి మూడు టీవీలకూ బొమ్మ పోవాలంటే విద్యంతా వైరు ఎంచుకోవడంలోనే ఉంది. చదును తీగ చవకే గాని, అది వేస్తే హీరో పక్కన ఇంకో హీరో నీడలా నిలబడతాడు. గుండ్రటి వైరే కావాలి. దాని నడుమ రాగి తీగ, చుట్టూ సన్నటి తీగల అల్లిక, పైన నల్లటి తొడుగు. అదీ ఒకే ముక్కగా కొనమని అనంతపురం అంగడాయన చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. వింటేనా! నేతగాడాయె, తెగిన పోగు అతకడం పుట్టుకతో వచ్చిన విద్యాయె. ముక్కలు తెచ్చి పోగుకు పోగు అతికి, పైన టేపుకు బదులు నూలు దారం బిగించి చుట్టాడు. ఆ కరువు సీమలో తడి ఎక్కడిది? రెండేళ్ళు నిక్షేపంగా ఆడింది.

ఒకసారి శింగనమల దగ్గర ఒక పల్లెలో, గంగాధరప్ప మనవరాలి నామకరణానికి పిలిచారు. మగవాళ్ళకు వీధిలో రెండు టీవీలు, ఆడవాళ్ళకు లోపలి పెరట్లో ఒకటి. పెరట్లోకి మగపురుగు పోకూడదు. అందుకని అక్కడి టీవీ అంజనమ్మే పెట్టింది. ఈరన్న గోడ మీదుగా వైరు అందించాడు.

పొద్దు ఇంకా వాలకముందే వీధి టీవీల్లో బొమ్మ వణికింది. ఈరన్న వీసీఆర్ ఆపి, పెరట్లోకి పోయే వైరు ఊడదీసి, అల్లిక తీగకు టెస్టర్ ఆనించాడు. ఎర్రగా వెలిగింది. వీసీఆర్ ఆపినా కరెంటు ఎక్కణ్ణుంచి వస్తోంది? లోపలి టీవీ నుంచే! ఆ ముసలి డబ్బాకు ప్లగ్గు తిరగేసి పెడితే ఒళ్ళంతా కరెంటే. ఎప్పుడూ తానే సరిచూసి పెట్టేవాడు. ఈసారి తొందరలో ఆ మాట అంజనమ్మకు చెప్పడం మరిచిపోయాడు.

పెరటి వాకిలికి పరుగెత్తాడు. గంగాధరప్ప తల్లి చౌడమ్మ గడపకు అడ్డంగా కూర్చుని ఉంది.

“ఏమప్పా, ఆడోళ్ళు ఉండే తావుకు యాడికి వస్తాండావు?”

“అవ్వా, కరెంటు! నా పెండ్లాము...”

“కరెంటు ఉండాది లేప్పా. టీవీ గరగరమంటాండాది, పోయి బొమ్మ ఎయ్యి.”

ఆమె తల మీదుగా చూశాడు. దుమ్ము లేవకుండా పెరడంతా బిందెలతో నీళ్ళు చల్లారు. నూలు చుట్టిన అతుకు ఆ బురదలోనే పడి ఉంది. తడిసిపోతోందని దాన్ని ఎత్తి పెట్టడానికి అంజనమ్మ వట్టి కాళ్ళతో వస్తోంది.

“ముట్టుకోవద్దే!” అని గొంతు చించుకుని అరిచాడు. టీవీ రొదలో, ఆడవాళ్ళ గోలలో ఆమెకు వినబడలేదు. ఆమె వంగింది.

ఈరన్న గోడ దగ్గరికి గెంతి, వేలాడుతున్న వైరును రెండు చేతులా పట్టుకున్నాడు. తానే మాడి మసైపోతానేమోనని నరసింహస్వామిని తలుచుకుంటూనే, ఉన్న బలమంతా పెట్టి లాగాడు. లోపల ఏదో ఢామ్మని పడింది. ఆ తర్వాత ఆడవాళ్ళ గొంతు ఒక్కటీ వినబడలేదు.

అయిపోయింది, నా చేతులతో నేనే దాన్ని చంపుకున్నాను అనుకున్నాడు. అవతలికి చూసే ధైర్యం లేక గోడ మొదట్లోనే కూలబడ్డాడు.

అప్పుడు లేచింది గోడ అవతలి నుంచి ఒక గొంతు.

“యాడ సచ్చినావయ్యా! దయ్యం పట్టిందా నీకు? బంగారట్ల టీవీని పగలగొడితివి గదరా నాయనా! నీ చేతులు ఇరగ!”

వీధిలో జనమంతా గొల్లున నవ్వారు. ఈరన్న లేవలేక లేచి గోడకు నుదురు ఆనించాడు. కళ్ళ నీళ్ళు ధారగా కారుతున్నాయి.

“తిట్టే, ఇంగా తిట్టు,” అన్నాడు. “ఆపొద్దే అంజనమ్మా, తిడతానే ఉండు.”