మాస్టారు అడిగి తెచ్చిన తోడు

మా కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ మాస్టారు పోయారు. తెల్లవారుతూనే ఆయన భార్య, నేను పిన్నిగారూ అని పిలిచే ఆవిడ, ఫోన్ చేసి "మాస్టారు లేవడం లేదమ్మా" అన్నారు. ఆ మాటకు అర్థం ఒకటేనని తెలుసు. అయినా రెండు వీధుల అవతల ఉన్న వాళ్లింటికి పరిగెత్తుతున్నంతసేపూ ఇంకేదైనా అర్థం ఉండకపోతుందా అనుకుంటూనే ఉన్నాను.

బందరులో ఆ ల్యాబ్‌లో నేను ఆయన కింద ఇన్‌స్ట్రక్టర్ని. ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం, పైగా నేను పుట్టు కంగారు మనిషిని. ఆయన ల్యాబ్‌లో ఏరికోరి పెట్టిన లినక్స్ రకంలో ఏదీ వండి వడ్డించినట్టు రాదు. సోర్సు, అంటే మనుషులు రాసిన ప్రోగ్రామ్ పాఠం, తెచ్చుకుని, దాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్‌తో మన కంప్యూటర్ మీదే తయారు చేసుకోవాలి. కంపైలర్ కొత్తది కావాలన్నా పాత కంపైలర్‌తోనే తయారు చేయాలి. "తోడు లాంటిదమ్మా. నిన్నటి పెరుగు లేనిదే రేపటి పెరుగు లేదు" అనేవారు.

నాలుగేళ్ల కిందట, సోమవారం ప్రాక్టికల్ పరీక్షలనగా శుక్రవారం నాడు, నేను ఆ తోడు కాస్తా పారబోశాను. ఇంకా విడుదల కాని కంపైలర్‌ని తయారీలో ఉన్నది ఉన్నట్టుగా వారం వారం స్నాప్‌షాట్ పేరుతో బయటపెడతారు. దాంతో ప్రోగ్రాములు వేగంగా నడుస్తాయని ఎక్కడో చదివి, మాస్టారికి చెప్పకుండా సర్వర్ మీద ఎక్కించాను. డిస్కు నిండుతోందని పాతదాన్ని తీసేశాను. శనివారం పొద్దున ఏ ప్రోగ్రామ్ ఇచ్చినా కంపైలర్ తనే కుప్పకూలుతోంది. ల్యాబ్ మొత్తానికి ఉన్నది ఆ ఒక్క సర్వరే. నా ఉద్యోగం మాట దేవుడెరుగు, పిల్లల పరీక్ష పోతే ఈ ఊళ్లో ఏ మొహం పెట్టుకుని తిరగాలని మాస్టారికి ఫోన్ చేశాను.

మాస్టారు వచ్చేసరికి ఏడుపు ఒక్కటే తక్కువ. అంతా పోయిందండీ అన్నాను.

"ఏం పోయిందని కాదమ్మా, ఏం ముట్టుకున్నావని అడుగుతున్నా."

చెప్పాను. తిట్టలేదు. ఒకే ప్రోగ్రామ్‌ని మూడుసార్లు నడపమన్నారు. "మూడుసార్లూ ఒక్కచోటే పడితే గొయ్యి అక్కడుంది. మూడుచోట్ల పడితే లోపం మన కాళ్లలోనే ఉంది." కంప్యూటర్ మెమరీ పాడైతే ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతుందట. మాది మూడుసార్లూ ఒకే లైను దగ్గర ఆగింది. తప్పు కంపైలర్‌దే, అంటే నాదే.

మాస్టారి దగ్గర చదువుకుని ఇప్పుడు గుడివాడలో లెక్చరర్‌గా ఉన్న ఒకాయన తన కాలేజీలో ఇదే లినక్స్ పెట్టాడు. వాళ్ల కంప్యూటర్లు మావాటికంటే పాతవి, పాతవాటి మీద నడిచేది కొత్తవాటి మీదా నడుస్తుంది కాబట్టి వాళ్ల కంపైలర్ మా దగ్గర పనిచేస్తుందని మాస్టారి ధైర్యం. బస్టాండుకి ఆయన నడుస్తున్న వేగానికి నేను పరిగెత్తాల్సి వచ్చింది. "దీపాలు పెట్టాక తోడు ఎవరూ ఇవ్వరు. నడవమ్మా" అన్నారు. అది హాస్యమని గుడ్లవల్లేరు దాటాకగానీ నాకు వెలగలేదు. తిరుగు బస్సులో, ఆ లెక్చరర్ తన కంపైలర్ ఎక్కించి ఇచ్చిన సీడీని పైటచెంగులో చుట్టుకుని బందరు వచ్చేదాకా కదలకుండా కూర్చున్నాను.

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాం. అడిగి తెచ్చిన తోడుతో మా పాత కంపైలర్‌ని దాని సోర్సు నుంచి ఒకసారి తయారు చేయాలి. అలా పుట్టినదానితో రెండోసారి, దానితో మూడోసారి. రెండోదీ మూడోదీ వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంటేనే నమ్మాలి. తెర మీద లైన్లు పరిగెడుతుంటే నేను కరెంటు కోసం మొక్కుకుంటూ కూర్చున్నాను. మధ్యాహ్నం కరెంటు పోనే పోయింది. యూపీఎస్ కూతలు పెట్టిన ఆ పది నిమిషాల్లో చూశాను, మాస్టారి మోకాలు బల్ల కింద ఆగకుండా ఊగుతోంది. ఆయనకీ కంగారు ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

కరెంటు వచ్చింది. నాలుగింటికి పోల్చి చూశాం. తేడా లేకపోతే పోల్చే కమాండ్ తెర మీద ఏమీ అనదు. ఏమీ అనలేదు. మాస్టారూ ఏమీ అనకుండా క్యారియర్ తెరిచి, తన పెరుగన్నంలో సగం మూతలో పెట్టి నా ముందుకు జరిపారు. సోమవారం పరీక్షలు మామూలుగా జరిగిపోయాయి.

ఆ తరువాత కంపైలర్ మార్చిన ప్రతిసారీ పాతదాన్ని సీడీకెక్కించి, దానిమీద తెలుగులో 'తోడు' అని రాసి బీరువాలో పెట్టేవారు. నా కంగారుకి నేనే సిగ్గుపడి ఒకసారి క్షమించమంటే, "భయపడ్డం మానకమ్మా. తోడు దాచుకునేది భయమున్నవాళ్లే" అన్నారు. నా స్వభావాన్ని తప్పుపట్టకుండా పనికొచ్చేదిగా చూసిన మనిషి ఆయనొక్కరే. ఆ సంగతి ఆయనతో చెప్పలేదు.

పెద్దకర్మ అయి చుట్టాలంతా వెళ్లిపోయాక, ఈ సాయంత్రం పిన్నిగారిని చూడబోయాను. వంటింట్లో గోరువెచ్చని పాలగిన్నె ముందు కూర్చుని ఉన్నారు. ఇన్ని రోజుల వచ్చేపోయేవాళ్లతో ఉన్న పెరుగంతా అయిపోయిందట.

"ఇంట్లో తోడు లేదమ్మాయ్" అన్నారు.

ఇప్పుడే తెస్తానని లేచాను. మా ఇంట్లో చిన్న గిన్నెలో నాలుగు చెంచాల పెరుగు వేసుకుని, పైన అరచెయ్యి మూతపెట్టి తిరిగి బయలుదేరాను. వీధిలో ఇంకా ఎవరూ దీపాలు పెట్టలేదు. పెట్టేస్తారేమోనని గబగబా నడుస్తున్నాను, అరచేతికి పెరుగు చల్లగా తగులుతోంది.