పెరటాసి శనివారం సూది

మదురైలో కళ్ళ డాక్టరమ్మ దీపం వేసి చూసి, నా ఎడమ కంటి వెనక నెత్తురు చిమ్మి చూపు పోయిందని చెప్పింది. కుడి కంట్లో ఇంకా మొదలు మాత్రమేనట. లేజరు పెట్టారు. షుగరు ఇలాగే ఉంటే కుడి కన్ను కూడా నిలవదని చెప్పింది. నాది పదహారో ఏట పట్టుకున్న షుగరు, సూది లేకపోతే మనిషి బతకని రకం. అప్పటికి నలభై దాటాను. అన్నేళ్ళూ పొద్దున ఒక ఇన్సులిన్ సూది వేసుకోవడం తప్ప దాన్ని నేను పట్టించుకున్నది లేదు.

నా పని కోయంబత్తూరులో ఒక నూలు మిల్లు టెస్టింగ్ రూములో. బాబిన్ కండెల నుంచి కొలిచి తీసిన నూలును చిన్న త్రాసుకు తగిలించి, ముల్లు ఎక్కడ ఆగిందో చూసి, నూలు ఎంత సన్నమో లెక్క కట్టాలి. బడిలో నేర్చింది తక్కువ. ఆ లెక్కలు పెద్దవాళ్ళ పక్కన నిలబడి పట్టుకున్నవే. కళ్ళు పోతే మిల్లులో నాకు ఇంకో పని లేదు.

మా పేట డాక్టరు సూదిని పొద్దునా సాయంత్రమూ రెండుగా విడగొట్టాడు. ఇంట్లోనే మూత్రం పరీక్ష చేసుకోవడం నేర్పాడు. గాజు గొట్టంలో నీలం మందు పోసి, కొన్ని చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద కాచాలి. నీలంగానే ఉంటే మేలు. పచ్చ, పసుపు దాటి ఇటుక రంగుకొస్తే చెడ్డది. వారానికొకసారి చాలన్నాడు గానీ నాకు చాలదనిపించింది. ఒక్క బాబిన్ చూసి, నూలు మందం సరిచెయ్యడానికి మిల్లులో ఎవరూ మిషన్ చక్రం మార్చరు. వేర్వేరు వేళల్లో తీసి చూస్తేనే దాని సంగతి తెలుస్తుంది. అందుకని తినకముందు, తిన్నాక, షిఫ్టు దిగాక కూడా కాచాను.

"రసము కాగే పొయ్యి పక్కనే దా ఇది కాచాలా? దొడ్డికి పో సామీ!" అని మా ఇంటామె తరిమింది.

వేసవి గడిచేసరికి రంగులు మెల్లిగా పచ్చకు దిగాయి. ఒక రోజు మాత్రం లెక్క తప్పింది. ఆ రోజు కడుపు బాగాలేక ఏమీ తినలేదు. తినలేదు కాబట్టి సూదీ వేసుకోలేదు. సాయంత్రం కాచితే ఇటుక రంగు. గొట్టం కడిగి మళ్ళీ కాచినా అదే. దూది పెట్టకుండా నూలు ఎలా వచ్చిందో నాకు అంతుబట్టలేదు.

డాక్టరును అడిగాను. మనం తినకపోతే కాలేయం తాను దాచుకున్న చక్కెరను వదులుతుందట, దాన్ని అదుపులో పెట్టడానికీ సూదే కావాలట. నా రకం వాళ్ళు తినని రోజు కూడా సూది మానకూడదన్నాడు. "ఎప్పుడైనా మానేస్తే వాంతులయ్యాయా?" అని అడిగాడు. నాకు పెరటాసి శనివారాలు గుర్తొచ్చాయి.

దసరా రోజుల్లో వచ్చే పెరటాసి నెల శనివారాల్లో మావాళ్ళు పెరుమాళ్ళకు తళిగ వేస్తారు. అరటాకు మీద అన్నం, పప్పు, కూరలు కుప్పలుగా పెట్టి, బెల్లం కలిపిన బియ్యప్పిండితో దీపం చేసి వెలిగించి, గోవిందా అని పిలుస్తారు. అంతవరకు ఇంటి పెద్ద మగవాడు నీళ్ళు కూడా ముట్టడు. నాన్న పోయాక అది నాకొచ్చింది. పూజ ముగిసేసరికి మధ్యాహ్నం దాటేది. తినని పూట సూదెందుకని మానేసి, ఒక పూట సెలవు దొరికిందని సంతోషించేవాణ్ణి. తర్వాత ఆ పిండి ప్రసాదం కడుపు నిండా తినేవాణ్ణి. ఆదివారమంతా వాంతులు, ఆయాసం. ఉపవాసం వేడి అని అమ్మ నిమ్మరసంలో చక్కెర వేసి తాగించేది.

ఈసారి శనివారం పొద్దునే సూది వేసుకుని అరగంటకు తింటానని అమ్మతో ముందే చెప్పాను.

"మీ నాయన జ్వరములో కూడా నీళ్ళు ముట్టలేదురా. నీకు కడుపే దా పెద్దదా?"

"కడుపు కాదు మా, కన్ను. ఎడమది పాయె. ఇది కూడా పోతే మిల్లులో నన్నెందుకు పెట్టుకుంటారు?"

"పెరుమాళ్ళు చూసుకుంటాడు."

"ఇన్నేండ్లు ఉపాసము ఉంటినే, చూసుకున్నాడా?"

మా ఇంటామె వంటింట్లోంచి, "అత్తా, ఆయన బదులు నేనుంటా" అంది.

"నువ్వా? పదిగంటలకే ఇడ్లీ గిన్నె మూత తీస్తావు" అని అమ్మ లేచిపోయింది. ఆ తర్వాత ఆ మాటే ఎత్తలేదు.

మొదటి శనివారం నేను లేచేసరికి ఇల్లంతా నెయ్యి వాసన. అమ్మ చీకటితోనే లేచి అంతా వండేసింది. ఆకు పరిచి, పిండి దీపంలో ఒత్తి వేసి కూర్చుంది.

"సూది ఏసుకుంటివా?"

"ఇంకా లేదు మా."

"ఏసుకోని రా. అరగంట దానే? ఆ లోపల సామికి పెట్టేస్తా."

మామూలుగా హారతి ఒక్కదాన్నే సాగదీసే మనిషి, గోవిందా గోవిందా అంటూనే నడుమ నడుమ గోడ గడియారం చూసింది.

"ఇంకా ఎంత సేపు ఉండాది?"

"ఉందిలే మా."

"ఉందిలే అనొద్దు. నిమిషము చెప్పు."

పది అన్నాను. చప్పున హారతి దింపి, ఆకు నా ముందుకు లాగింది. పిండి దీపాన్ని మాత్రం మా ఇంటామె వైపు జరిపింది. ఆ రోజు ఎప్పుడు కాచినా రంగు పచ్చ దాటలేదు. ఆదివారం వాంతులు లేవు. సంతకు పోయి కూరగాయలు తెచ్చాను.

కార్తీకంలో మళ్ళీ మదురై వెళ్ళాను. కుడి కంట్లో కొత్తగా నెత్తురు లేదని డాక్టరమ్మ చెప్పింది. ఎడమ కంట్లో పోయిన చూపు మాత్రం రాదట. ఇంటికొచ్చేసరికి అమ్మ గడప దగ్గరే నిలబడి ఉంది.

"ఎడమది?"

"రాదంట మా. కుడిది నిలిచింది."

అమ్మ నా చేతిలో సంచి అందుకుంది. "సరి, చేతులు కడుక్కో. సూది వేళ దాటిపోతాండాది" అంది.

మర్నాడు పొద్దున షిఫ్టుకు పోయాను.