ఎడమ చేతి ముద్ద

మా చేతుల టీచరమ్మ పోయిందని పోయిన మంగళవారం పొద్దున పులివెందుల నుంచి ఫోన్ వచ్చింది. చేసినామె నాలాంటి తల్లే. ఆమె బిడ్డ కూడా టీచరమ్మ దగ్గరే చెయ్యి కదిలించడం నేర్చుకుంది. "అక్కా, టీచరమ్మ గుండె ఆగిపోయిందంట" అని ఫోన్ పెట్టేసింది. నేను మిషన్ మీద సగం కుట్టిన జాకెట్టు అట్లాగే వదిలేశాను. టీచరమ్మది ప్రొద్దుటూరు. వారానికొక రోజు మా జమ్మలమడుగుకు, ఇంకొక రోజు పులివెందులకు బస్సులో వచ్చి పిల్లల్ని చూసేది. అసలు ఆమె ఫిజియోథెరపిస్టు. ఆ మాట మాకు నోరు తిరగదు గనక ఆమె చేతుల టీచరమ్మ అయింది.

మా పాపకు పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. కాన్పు అప్పుడు మెదడుకు దెబ్బ తగిలి ఎడమ చెయ్యి బిగుసుకుపోయింది. పిడికిలి మూసుకుని ఎక్కువసేపు రొమ్ముకు ఆనుకునే ఉండేది. రోజూ నూనె పెట్టి మర్దన చేసేదాన్ని. పాపకు ఆరేళ్లప్పుడు మొదటిసారి టీచరమ్మ దగ్గరికి తీసుకుపోయి ఆ సంగతి గొప్పగా చెప్పుకున్నాను. మెచ్చుకుంటుందనుకుంటే నా అరచేతులు తిప్పి చూసి నవ్వింది.

"మర్దన మంచిదే తల్లీ. కానీ దాంట్లో పని చేస్తాండేది నీ చేతులు. పాప చెయ్యి ఊరికే పండుకోనుంది. దానికి పని పెట్టాల."

తర్వాత నన్ను పక్కన పెట్టి పాపనే అడిగింది: "నీకు ఏం చేసుకోవాలనుందే?"

అంతవరకూ ఆ ప్రశ్న ఏ డాక్టరూ అడగలేదు, కన్నతల్లిని నేనూ అడగలేదు. పాప "శెనక్కాయలు నేనే ఒలుచుకోవాల" అంది. ఈ పిల్ల బతుకెట్లా అని నేను కుమిలిపోతుంటే దీనికి శెనక్కాయలా అనుకున్నాను. టీచరమ్మ మాత్రం దాన్ని పుస్తకంలో రాసుకుని కింద గీత కూడా గీసింది.

ఆమె పద్ధతి వింటే మొదట ఎవరికైనా కోపమే వస్తుంది. బాగున్న కుడి చేతికి పాత సాక్సు తొడిగింది. రోజూ కొన్ని గంటలు ఆ చెయ్యి సెలవులో ఉంటుంది, ఆటలన్నీ ఎడమ చేత్తోనే. బట్టల క్లిప్పులు, సీసా మూతలు, పిండి ముద్దలు. "ఇది శిక్ష కాదు. ఏడిస్తే తీసెయ్, నవ్వితే మళ్లీ తొడుగు" అని చెప్పి పంపింది. పాప ఆటలకు ఒప్పుకుంది. అన్నం దగ్గర మాత్రం మొండికేసింది.

ఒక రోజు మధ్యాహ్నం టీచరమ్మ మా ఇంటికే వచ్చింది. పాప ముందు సంగటీ పప్పూ పెట్టిన కంచం ఉంది, కుడి చేతికి సాక్సు ఉంది, ఎడమ చెయ్యి మాత్రం వీపు వెనక దాక్కుంది. "చెయ్యి ఎందుకు దాచిపెడతాండాది?" అని టీచరమ్మ అడిగింది. నేను మా అత్త వైపు చూశాను. మా అత్త నా వైపు చూసింది.

అప్పుడు చెప్పక తప్పలేదు. పాకే వయసు నుంచీ ఆ చెయ్యి కంచం దగ్గరికి వస్తే మేమిద్దరం దాని మీద ఒకటి వేసేవాళ్లం. ఛీ, ఎడమ చెయ్యి! ఏ ఇంట్లోనైనా పిల్లలకు అట్లాగే నేర్పిస్తారు. కానీ మిగతా పిల్లల ఎడమ చేతికి రోజంతా వేరే పనులుంటాయి. మా పాప ఎడమ చెయ్యి తనంతట తాను లేచేది ఆకలేసినప్పుడు ఒక్కటే. లేచిన ప్రతిసారీ మేమే దించాం. చెబుతూ చెబుతూ భోరుమన్నాను.

టీచరమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. మా అత్త మాత్రం తగ్గలేదు. "అయితే ఏందమ్మా, ఆడపిల్ల చేత ఎడమ చేత్తో ముద్ద తినిపిస్తావా? నలుగురు సూస్తే ఏమంటారు?"

టీచరమ్మ ఇంకొక సాక్సు తీసి తన కుడి చేతికి తొడుక్కుంది. పాప పక్కన నేల మీద కూర్చుని, "నాకూ ఇంత సంగటి పెట్టవ్వా" అంది. అరవై దాటిన మనిషి. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే పెద్దావిడ. కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని, మా ఇంట్లో, మా అత్త ఎదురుగా, ఎడమ చెయ్యి కంచంలో పెట్టింది. ముద్ద సరిగా రాలేదు. పప్పు మోచేతి దాకా కారింది. నోటికి పోవాల్సింది ముక్కుకు తగిలింది. పాప పకపకా నవ్వింది.

"నాకూ చాతకావడంల్యా. రా, ఇద్దరం నేర్చుకుందాం."

వీపు వెనక నుంచి ఆ చెయ్యి బయటికి వచ్చింది. వణికింది, ఆగింది, మళ్లీ కదిలింది. వేళ్లు విప్పలేక పిడికిలినే సంగట్లో అద్దింది. కణుపులకు అంటుకున్నదాన్ని నోటి దాకా తెచ్చుకుని నాకింది. నేను ఇరవై ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను, నా చేతులు రోజుకు ఎన్ని పనులు చేస్తాయో ఏనాడూ తలుచుకోలేదు. ఆ రోజు ఒక చెయ్యి కంచం నుంచి నోటి దాకా ప్రయాణం చేయడం చూసి నా చేతులు తిప్పి చూసుకున్నాను. మా అత్త పోయి టీచరమ్మ కంచంలో ఇంకొక ముద్ద వేసింది.

టీచరమ్మకు ఓపిగ్గా కాచుకోవడం వచ్చు. నాకు అన్నిటికంటే ఆశ్చర్యం అదే. పాప ఒక మూత తిప్పడానికి పది నిమిషాలు తంటాలు పడుతుంటే, సాయం చేయబోయే తన చేతుల్ని తొడల కింద పెట్టుకుని కూర్చునేది. "నువ్వూ చేతుల మీద కూచో తల్లీ. మన తొందరే వీళ్లకు సగం రోగం" అనేది. ఎవరికీ లేనిపోని ఆశలు పెట్టేది కాదు. "ఇది కుడి చెయ్యంత కాదు. కుడి చేతికి తోడయితాది, అంతే" అని ముందే చెప్పింది. అన్నట్టే, సాక్సు తొడిగిన ఏడో నెలలో మా పాప ఎడమ చేత్తో శెనక్కాయ పట్టుకుని, కుడి చేత్తో చిదిమి, రెండు గింజలు తీసింది. ఒకటి తను తినింది, ఒకటి టీచరమ్మ నోట్లో పెట్టింది.

బుధవారం ప్రొద్దుటూరులో సమాధి చేశారు. మూడు ఊళ్ల తల్లులం పిల్లలతో పోయాం. పాటలయ్యాక అందరూ వరసగా పిడికెడు మన్ను వేస్తున్నారు. మా పాప ఇప్పుడు ఎనిమిదో తరగతి. వంగి ఎడమ చేత్తో మన్ను తీసుకుంది. వెనకున్న పెద్దాయన, "కుడి చేత్తో వెయ్యాల పాపా" అన్నాడు.

"ఉండనీ మామా" అన్నాను. "ఆయమ్మ ఎరిగింది ఆ చేతినే."

దుఃఖానికి చెయ్యి మరీ బిగుసుకుంది. పాప దాన్ని గుంత మీదికి చాపింది కానీ పిడికిలి తెరుచుకోలేదు. పాస్టరు పుస్తకం మూసి నిలబడ్డాడు. వెనక వరస ఆగిపోయింది. ఎవరూ తొందరపెట్టలేదు. ముందు చిటికెన వేలు కదిలింది. తర్వాత దాని పక్కది. ఎర్రమన్ను కొంచెం కొంచెంగా జారుతూ, ఆగుతూ, మళ్లీ జారుతూ తెల్లగుడ్డ పరిచిన పెట్టె మీద పడింది. అరచెయ్యి మొత్తం విప్పుకున్నాక కూడా పాప దాన్ని వెనక్కి తీసుకోలేదు, అట్లాగే ఆమె మీదికి చాచి ఉంచింది.