ఆఫీసు మిద్దె మీద నవధాన్యాలు

నేను ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినాను. బడి కూడా నాకు తిరిగి దండం పెట్టి ఉంటుంది, ఎందుకంటే క్లాసులో నా నోరు మూయించలేక అయ్యవార్లే అలిసిపోయినారు. తరువాత నర్సరీల్లో మొక్కలు మోసినాను, హోసూరు రోజాపూల షెడ్లలో మందు కొట్టినాను. ముప్పై ఏండ్లకు సొంతంగా లాన్లు వేసే పని ఎత్తుకున్నాను. కార్డు కూడా అచ్చు వేయించినాను. నా పేరు కింద "గార్డెన్ కన్సల్టెంట్" అని ఉండె. చదివినోళ్ళు ఒక్కరూ నవ్వలేదు, అదే నాకు బాధ.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేండ్లకు, క్రిష్ణగిరి రోడ్డు పక్కన ఒక కంపెనీవాళ్ళు మూడంతస్తుల ఆఫీసు కట్టినారు. బెంగళూరు నుంచి వచ్చిన ఇంజనీరు, మిద్దె మీద మట్టి పోసి గడ్డి పెంచితే ఎండ కిందికి దిగదు, ఏసీల కరెంటు మిగులుతుంది అన్నాడు. మా పక్క మిద్దె మీద గడ్డి మొలిస్తే ఇల్లు పాడుబడింది అంటారు సార్, మీరు దుడ్డిచ్చి మరీ పాడుబెట్టించుకుంటారా అన్నాను. ఇంజనీరు నవ్వినాడు. ఆఫీసు మేనేజరు నవ్వలేదు. వాస్తు సరిలేదని కట్టిన గేటును రెండుసార్లు పగలగొట్టించిన మనిషి ఆయన.

ముందు మిద్దె మీద నీళ్ళు ఇంకకుండా నల్ల షీటు పరిచినాము, దాని మీద గులకరాళ్ళు, గుడ్డ, ఆ పైన జానెడు మట్టి. మట్టి కోసం సూళగిరి దగ్గర ప్లాట్లకు అమ్ముడుపోయిన ఒక చేను చూసుకున్నాను. కొన్నాయన, కావల్సినంత ఎత్తుకోండి అన్నాడు. నాతో అంచెట్టి దిక్కునుంచి కూలికి వచ్చిన మొగుడూ పెండ్లామూ ఉండిరి. ఇద్దరూ కష్టజీవులు, నేను మాటల జీవిని, ముగ్గురికీ సరిపోయె.

వానలు ఎగ్గొట్టిన ఏడాది అది. చేనంతా గట్టిపడి గడ్డపార వేస్తే చేతికే తిరిగి కొట్టేది. అన్ని దిక్కులా అంతే, తూరుపు మూల ఒక్కటి తప్ప. ఆడ మట్టి పిండిలాగా మెత్తగా ఉండె, కొంచెం చెమ్మ కూడా ఉండె. ఎండిన చేనులో చెమ్మ యాడినుంచి వచ్చింది అని అడగాల్సింది. అడగలేదు. పని సులువైతే ప్రశ్నలు వేసే గుణం నాకు పుట్టుకతోనే లేదు. మోకాలు లోతు కూడా తవ్వకుండానే పన్నెండు మూటలు నిండినాయి.

ఆయమ్మ పిడికెడు మట్టి ముక్కు దగ్గర పెట్టుకొని, "అన్నా, పులిసిన పాల వాసన వస్తాంది" అన్నది.

"మంచిదేమ్మా, గడ్డితో పాటు పెరుగు కూడా మొలుస్తుందేమో" అన్నాను.

మొగుడు నవ్వినాడు. ఆయమ్మ మట్టి విదిలించి, చెయ్యి చీరకు తుడుచుకొనింది. చాలాసేపు తుడుచుకొనింది.

మిగతా మిద్దెకు చేనులోని గట్టి మట్టే ముందుగా తవ్వి పోసి ఉంటిమి. ఆ పన్నెండు మూటల మట్టినీ మిద్దె మీద నీళ్ళ ట్యాంకు పక్కన కుమ్మరించి, చేతి గొర్రుతో ఆ దిక్కంతా నేనే పరిచినాను. మరుసటి దినమే గడ్డి పిలకలు నాటినాము. ఎనిమిదో దినం మధ్యాన్నం, గడ్డి వేరు పట్టిందా లేదా చూద్దామని పైకి పోయినాను.

హోసూరులో మిద్దె ఎక్కితే గాలి చొక్కా ఊడబెరుకుతుంది. ఆ పొద్దు గాలి లేదు. ఏసీ డబ్బాలు మాత్రం ఒకే తీరున మూలుగుతా ఉండె. గడ్డి సగం ఎండిపోయి ఉండె. ట్యాంకు పక్కన మాత్రం పచ్చగా ఏదో మొలిచి ఉండె, అది గడ్డి కాదు. ఒక మనిషి పండుకుంటే ఎంత పొడుగో అంత పొడుగు, ఎంత వెడల్పో అంత వెడల్పు. అంచులు దారం పట్టి గీసినట్టుండె. నేను గొర్రుతో ఆ మట్టిని ఇరవై అడుగుల దూరం లాగినాను. మొలకలు అంత దూరం రాలేదు. లేకపోతే వచ్చినవన్నీ ఒక చోటికే నడిచి వచ్చినాయి.

వంగి చూసినాను. పెసలు, ఉలవలు, అలసందలు, నువ్వులు, వడ్లు. గోధుమ కూడా. మా పక్క గోధుమను చేలో వేసేవాళ్ళు లేరు. అంగట్లో కొని చేతిలో పట్టుకుపోయేది ఒకే చోటికి. మా నాయన పోయినప్పుడు నేను కూడా పట్టుకుపోయినాను. పూడ్చిన మూడో దినం ఆ మట్టి మీద పాలు పోసి, నవధాన్యాలు చల్లి, నీళ్ళు పెడతారు. బాగా మొలిస్తే పోయినోళ్ళు తృప్తిగా పోయినారని అర్థం.

కాళ్ళ కింద చల్లగా ఉండె. మధ్యాన్నం పన్నెండు గంటలకు, మే నెలలో, చెప్పుల్లోనుంచి చల్లగా. జోకు ఒకటి వేసుకుందామని చూసినాను. నాకు నేను వేసుకునే జోకు కూడా దొరకలేదు.

కిందికి దిగితే ఇంజనీరు సంబరంగా ఎదురొచ్చినాడు. సరిగ్గా ఆ మూల కింద కూర్చునే అమ్మాయి స్వెటర్ వేసుకొని టైపు కొడతా ఉండె. ఏసీ ఆపినా చలి తగ్గలేదంట. మిద్దె తోట అంటే ఇదయ్యా అని నా భుజం తట్టినాడు. నేను నవ్వినట్టు మొగం పెట్టి, మోపెడ్ తీసుకొని చేను దిక్కుకు పోయినాను.

మేము తవ్విన గుంత దగ్గర ఒక ముసలామె బిందెతో నీళ్ళు పోస్తా ఉండె. ఉత్త గుంతకు. ఎవురికి పోస్తావుండావవ్వా అంటే, మా ఇంటాయనకు అనింది. నేను మెల్లగా అడిగితే ఒక్కొక్కటే చెప్పింది. చేను అమ్మిన నెలకే ఆయన పోయినాడంట. నా చేలోనే పెట్టండి అని అడిగి పోయినాడంట. చేను ఇంక తమది కాదు కాబట్టి, కొన్నాయనకు తెలీకుండా మూలన పెట్టి, దిబ్బ కూడా వెయ్యకుండా సమానం చేసినారంట. గింజలు చల్లిన మరుసటి దినమే ఎవురో పైమట్టి ఎత్తుకపోయినారంట.

"పోతే పోనీ, కొన్ని గింజలన్నా లోపల ఉంటాయి గదప్పా" అనింది. "ఒక్కటీ మొలవలేదు. నామీద అలిగినాడు. చేను అమ్మిన పత్రం మీద ముందు వేలుముద్ర వేసింది నేనే."

మొలక కనపడితే గాని కర్మ చేయనీయనని కొడుకుకు అడ్డం కూర్చొని ఉండాదంట. పదిదినాలుగా గంజినీళ్ళే. బిందె ఎత్తితే చేతులు వణుకుతా ఉండె.

నేను మోపెడ్ ఎక్కి వచ్చేయొచ్చు. చావు మట్టి తన నెత్తిమీద ఉందని మేనేజరుకు తెలిస్తే మట్టంతా దింపించి, నన్ను గేటు బయట నిలబెడతాడు. అయినా ఆ వణికే చేతులు చూసినాక నోరు ఆగలేదు. అది ఎప్పుడూ ఆగలేదు గాని, నిజం చెప్పింది మాత్రం ఆ పొద్దే. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "చూపిస్తావా" అని మాత్రం అడిగింది.

ఆదివారం ఆఫీసుకు సెలవు. వాచ్‌మన్‌ను బతిమాలి ఆమెను పైకి తీసుకుపోయినాను. మొలకలు అప్పటికి జానెడు పెరిగి ఉండె. పిచ్చుకలు నా గడ్డి పిలకలన్నీ పీకినాయి, ఆ మూల మీద మాత్రం వాలినట్టు లేదు. అవ్వ పక్కన చతికిలబడి అరచెయ్యి మట్టి మీద పెట్టింది.

"నిచ్చెన ఎక్కితేనే కండ్లు తిరిగే మనిషప్పా. ఇంత ఎత్తుకు ఎట్ల వచ్చినాడో" అనింది.

ఏడవలేదు. నా దిక్కు తిరిగింది. ఆయన పాడె మోసినోళ్ళు దోవలో మూడు చోట్ల దించినారంట. మనిషి ఎండుపుల్ల, అయినా మోయలేకపోయినారంట. కోపంతో పోయినోళ్ళు బరువెక్కుతారని అందరూ ఆమె మొగమే చూసినారంట.

"నిజం చెప్పు నాయనా. ఈ మూటలు ఎత్తినప్పుడు బరువుగా ఉండెనా?"

నేను ఎత్తలేదు. మూటలు మిద్దె మీదికి లాగే గిలక రాట్నం తాడు ఆ మట్టి తెచ్చిన పొద్దున్నే తెగిపోయింటే, కొత్తది కొనేదానికి నేను ఊర్లోకి పోయినాను. తిరిగొచ్చేసరికి పన్నెండు మూటలూ మిద్దె మీద వరసగా ఉండె. మొగుడూ పెండ్లాం మెట్ల మీద మోసినారు పాపం అనుకొని, ఇద్దరికీ బజ్జీలు ఇప్పించినాను. చెమ్మ మట్టి, మూడంతస్తులు. బరువు లేకుండా ఎట్ల ఉంటుంది?

"లేదవ్వా. దూది లెక్కుండె" అన్నాను.

"నువ్వే ఎత్తినావా?"

"నేనే ఎత్తినాను."

నా మొగంలోకి చాలాసేపు చూసింది. నా మొగం అంతసేపు నవ్వకుండా ఉండడం నాకే కొత్త. ఆమె చెంబులో నీళ్ళు మొలకల మొదట్లో పోసి, మోకాలు పట్టుకొని లేచింది. రేపే కర్మ పెట్టుకోమంటాను మావాడిని అనింది. మెట్లు దిగి, గేటు దగ్గర వాచ్‌మన్ సద్దిడబ్బాలో ఏముంది అని తానే అడిగి, పెరుగన్నం చివరి మెతుకు దాకా తినింది.

నేను చెప్పింది అబద్ధం. సగమన్నా నిజం చేసుకుందామని మరుసటి పొద్దున ఆ మొగుడూ పెండ్లాం ఉండే షెడ్డుకు పోయి, ఆ పన్నెండు మూటలు మెట్లెక్కించేటప్పుడు మరీ బరువనిపించెనా అని అడిగినాను.

ఇద్దరూ ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు.

"మేము టీ తాగి వచ్చేసరికే పైన ఉండె గదన్నా" అనింది ఆయమ్మ. "నువ్వే మనుషులను పెట్టి ఎక్కించినావు అనుకుంటిమి. నువ్వు బజ్జీలు ఇప్పిస్తే, మేము మోయకుండానే తింటాండామే అని ఈయన సిగ్గుపడినాడు."

వాచ్‌మన్‌ను అడగనక్కరలేదు. ఒక చెయ్యి ఎత్తలేడు ఆయన. అయినా అడిగినాను. ఆ పొద్దు మేమందరూ తిరిగొచ్చేదాకా మెట్ల తలుపుకు తాళం తానే వేసి ఉంచినానని, మూటలు రాట్నం మీదనే పోయినాయనుకున్నానని అన్నాడు.

కొత్త తాడు నా మోపెడ్ డిక్కీలోనే, అంగడివాడు చుట్టిచ్చిన కాగితంలో, ముడి విప్పకుండా ఉండె.

సూళగిరికి పోయి, ఆ మూటలు ఎవురూ ఎత్తలేదని అవ్వకు చెప్పాలని ఆ పొద్దే బయలుదేరినాను. ఆ వేళకు వాళ్ళింట్లో కర్మ భోజనాలు వడ్డిస్తా ఉంటారని గుర్తొచ్చి, సగం దోవలో వెనక్కి తిప్పుకున్నాను.