మామ్మ చెట్టు

రంగూన్ పక్క ఇన్సేన్‌లో కలప కోత మిల్లు పక్కగా వెళ్తుంటే పచ్చి చెక్క వాసనకు ఇప్పటికీ నా కాళ్లు ఆగిపోతాయి.

చిన్నప్పుడు పక్కింటి కరెన్ తెగ మామ్మ తన పుట్టినూరి అడవికి నాన్ననూ నన్నూ తీసుకెళ్లింది. తాతల నాటి కాలిబాట మూసుకుపోకుండా కత్తితో తుప్పలు కొడుతూ ముందు నడిచింది. చెట్లకు తాళ్లతో వెదురు గొట్టాలు కట్టి ఉన్నాయి.

"నాన్నా, ఈ సెట్లకి కూడా కల్లు కారతాదేటి?" అన్నాను.

"కల్లు కాదే. పిల్లకి ఊడిన బొడ్డు అందులో ఎట్టి కడతారు. ఆ సెట్టు కొట్టీసినారంటే ఆ మనిషికి జబ్బు సేస్తాదట. అందికే ఎవులూ ముట్టరు."

ఇంటికొచ్చాక నా చెట్టు ఏదని అమ్మను చాలాకాలం వేధించాను.

చెట్లు కొట్టేసి ఆ అడవినీ బాటనూ చదును చేసిన ఏడాదే మామ్మ మంచం పట్టింది. మరి లేవలేదు.

మిల్లు ముందు దుంగల మీద తాడు ఒరిసిన గాడి ఉందేమోనని ఇప్పటికీ చూస్తాను. తన చెట్టు ఏదో ఆ రోజు మామ్మను అడగనే లేదు.