పాటల బడిలో పాముచెవులాయన

నీళ్ళ శాఖలో ఆయన్ని అందరూ పాముచెవులాయన అనేవారు. పద్దెనిమిదేళ్ళుగా ఆయన పని ఒకటే. పొడవాటి ఇనుపకడ్డీ ఒక కొస రోడ్డుకి ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, నేల కింద గొట్టం ఎక్కడ కారుతోందో వినడం. నాలుగడుగులకోసారి వంగి రోడ్డుతో రహస్యాలాడుతున్నట్టుండే ఆ మనిషిని చూసి, తెలియనివాళ్ళు దూరంగా తప్పుకునేవారు. కానీ ఆయన సుద్దముక్కతో గీత గీసి "ఇక్కడ తవ్వండి" అంటే, అక్కడ నీళ్ళు ఉండాల్సిందే.

"భూమిలో గుసగుసలు వినపడతాయి గానీ, పక్కగదిలోంచి నేను పిలిస్తే వినపడదు," అని సాగదీసేది భార్య. ఆవిడ స్కూలు బస్సు నడుపుతుంది. నలభైమంది పిల్లల గోలని మించి మాట్లాడీ మాట్లాడీ ఆవిడ గొంతు ఇంట్లో కూడా కిందికి దిగదు.

ఆయనకి నలభై రెండు నిండాక శాఖకి కొత్త మిషన్ వచ్చింది. నేల మీద పెడితే చాలు, తెరమీద ఎర్రచుక్క పడుతుంది. పై అధికారి పిలిచి, పెద్ద మేలు చేస్తున్నట్టు, "మీరిక ఎండలో తిరగక్కర్లేదు. హాయిగా కూర్చుని ఫిర్యాదులు రాసుకోండి," అన్నాడు. పాముచెవులాయన చేతిలోని కడ్డీకేసి ఒకసారి, తెరమీది ఎర్రచుక్కకేసి ఒకసారి చూశాడు.

కడ్డీతో తిరిగే ఆఖరి వారంలో ఒక సంగీత పాఠశాల ముందు చెవి పెట్టాడు. నీళ్ళ చప్పుడు లేదు. దబదబమంటూ డ్రమ్ముల దరువు! గోడలోంచి పునాదికి, పునాదిలోంచి నేలకి, అక్కణ్ణుంచి కడ్డీ ఎక్కి చెవిలోకి వచ్చేస్తోంది. పావుగంట కదల్లేదు. కాలు తనంతట తనే తాళం వెయ్యడం మొదలెట్టింది.

లోపల్నుంచి జుట్టు నెరిసిన ఒకావిడ వచ్చింది. "ఏవండీ, లీకా?"

"లీకేనండీ. మీ డ్రమ్ములు కారిపోతున్నాయి."

ఆవిడ పకపకా నవ్వి లోపలికి తీసుకెళ్ళింది. అక్కడ రికార్డింగ్ నేర్పే టీచరట. హెడ్‌ఫోన్లు తగిలించి చిన్న ముక్కొకటి వినిపించి, "ఏమేం ఉన్నాయి?" అంది.

"డ్రమ్ములు, గిటారు, వయొలిన్. ఎవరిదో కుర్చీ కిర్రుమంది. పాపం, వయొలిన్ ఆయనకి జలుబు. ముక్కు ఎగబీల్చాడు."

అది టీచరమ్మ సొంత రికార్డింగే. ఆరేళ్ళుగా వింటున్నా ఆ ముక్కు సంగతి ఆవిడకి తెలీదు. మళ్ళీ పెట్టుకుని విని, నోరు వెళ్ళబెట్టింది. ఆ వెంటనే సొరుగులోంచి దరఖాస్తు ఫారం తీసింది.

ఆయన గాల్లో తేలుతూ ఇంటికొచ్చాడు గానీ, భార్య ఎదురుపడేసరికి నీళ్ళు నమిలాడు. "ఇదిగో... ఉద్యోగం మానేసి చదువుకుందామనుకుంటున్నా. సౌండ్ ఇంజినీరింగు. రెండేళ్ళు."

ఆవిడ ఎగాదిగా చూసింది. "బస్సు నడుపుతున్నా కదా, రెండేళ్ళు ఇల్లూ నడుపుతాలెండి. ఫెయిలయ్యారో, పిల్లలతోపాటు నా బస్సులోనే ఎక్కించి రోజూ ఒకటో తరగతి దగ్గర దింపుతా!"

క్లాసులో అందరూ పందొమ్మిదేళ్ళవాళ్ళు. రెండోరోజుకే ఆయన్ని బాబాయిని చేసేశారు. లెక్కలు ఆయనకి మూడు చెరువుల నీళ్ళు తాగించాయి. వినడం దగ్గరికొచ్చేసరికి మాత్రం, శబ్దం ఎంత సన్నమో "ఇది ముప్పావంగుళం గొట్టం కూత" అని తన భాషలో చెప్పేవాడు. మిషన్‌తో కొలిచి చూస్తే సరిగ్గా ఉండేది. నెల తిరిగేసరికి పిల్లలూ అదే భాష పట్టుకున్నారు. "బాబాయ్, నా గొంతు అంగుళమా, అరంగుళమా?"

ఒకరోజు మొదటిసారిగా, శబ్దాల్ని పెంచీ తగ్గించే మీటల బల్ల దగ్గర ఆయన్నొక్కణ్ణే కూర్చోబెట్టారు. హెడ్‌ఫోన్లలో స్స్స్... మని సన్నని శబ్దం. దిగ్గున లేచాడు. "మేడమ్, గోడలో గొట్టం కారుతోంది!"

"ఆ గోడలో గొట్టం లేదనుకుంటానండీ."

"పద్దెనిమిదేళ్ళలో ఈ చెవి తప్పలేదు మేడమ్!"

సుత్తి వచ్చింది. తలుపంత మేర చెక్కగోడ ఊడింది. లోపలంతా బోలు. దుమ్ము తప్ప చుక్క తడి లేదు. స్స్స్ మాత్రం అలాగే ఉంది. టీచరమ్మ హెడ్‌ఫోన్లు పెట్టుకుని, బల్లమీద ఒక మీటని నెమ్మదిగా కిందికి తిప్పింది. శబ్దం ఆగిపోయింది. మైకు మీటని ఇందాక ఆయనే ఆ చివరిదాకా తిప్పేశాడు. బుసకొట్టింది మిషనే!

ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఆ తర్వాత ఎక్కణ్ణుంచి తన్నుకొచ్చిందో నవ్వు! దుమ్ములో చతికిలబడి, కళ్ళనీళ్ళు కారేలా నవ్వాడు. పిల్లలు పడీ పడీ నవ్వారు. చప్పుడుకి పరిగెత్తుకొచ్చిన ప్రిన్సిపాల్ మాత్రం నవ్వలేదు. "రేపటికల్లా ఈ గోడ మూసెయ్యాలి!"

ఈలోగా డ్రమ్ముల దగ్గరున్న పిల్ల తోచక ఒక దెబ్బ వేసింది. టీచరమ్మ చెయ్యెత్తింది. "ఆగు. మళ్ళీ కొట్టు."

పన్నెండేళ్ళుగా ఆ గదిలో డ్రమ్ము కొడితే బొంయ్‌మని మోగి చంపుకుతినేది. ఇప్పుడు ధబ్, అంతే. ఆ మోతని గోడలోని బోలు మింగేస్తోంది. ప్రిన్సిపాల్ కూడా రెండు దెబ్బలు కొట్టి చూసుకున్నాడు. గోడ మూయలేదు. దానికో గుడ్డ బిగించారు. ఎవరైనా చూడ్డానికొస్తే, "ఇది మా ప్రత్యేకమైన ఏర్పాటు," అని ప్రిన్సిపాలే చూపించేవాడు.

రెండేళ్ళకి, లెక్కల్లో అత్తెసరు మార్కులతో, పాముచెవులాయన గట్టెక్కాడు. ఒక చిన్న స్టూడియోలో పని దొరికింది. మొదటి పని ఒక పెద్దాయన వేణువు రికార్డు చెయ్యడం. వాయించడం అయ్యాక పెద్దాయన విని మొహం చిట్లించాడు. "నా ఆయాసం వినపడుతోందయ్యా. తీసెయ్."

"తీసేస్తానండీ. ముందు రెండు రకాలుగానూ వినండి."

ఊపిరి తీసేసి ఒకసారి, ఉంచి ఒకసారి వినిపించాడు. పెద్దాయన రెండోది మళ్ళీ అడిగాడు. ఆ తర్వాత మళ్ళీ అడిగాడు.

"ఉంచెయ్. నేనే వాయించానని తెలుస్తోంది."

పాముచెవులాయన గంతేసినంత పనిచేసి భార్యకి ఫోన్ చేశాడు. బస్సు స్కూలు గేటు ముందు ఆగి ఉంది. సంగతి విని ఆవిడ వెనక్కి తిరిగి, "పిల్లలూ, మా ఆయన గెలిచాడర్రా! అరవండి!" అంది.

నలభై గొంతులు ఫోన్లోంచి ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. పెద్దాయన ఉలిక్కిపడి వేణువు గుండెకి హత్తుకున్నాడు. "ఏమిటయ్యా ఆ చప్పుడు?"

"మావాళ్ళేనండీ," అన్నాడాయన, ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంటూ.